బంగారు రికార్డుకు అనుబంధము: పాలపుంత పాలకులకు బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ పాలపుంత పాలకుల సముఖమునకు, గ్లీస్ 445 నక్షత్రపు తపాలా స్వీకరణాధికారిగారి ద్వారా, సూర్యుడను ఒక సామాన్య నక్షత్రమును ఆశ్రయించుకొని కాలక్షేపము చేయుచున్న భూలోకవాసి, తెలుగు మాటాడు జనములో ఒకడు, సవినయముగా వ్రాసికొన్న విన్నపము.

అయ్యా,

తమరు ఉన్నారనుటకు ఇంతవరకు రుజువేదియు లేదు. అధికారి ఉన్నట్లు రుజువైన పిమ్మటనే అర్జీ పెట్టుకొనవలెనను నియమము మా దేశమున ఎన్నడును లేకుండుటచేత, ఆ సంగతిని అడ్డు రానీయక వ్రాయుచున్నాను.

1977 ఆగస్టు 20న ఒకటియు, సెప్టెంబరు 5న మరియొకటియు, వాయేజరు అను పేరుగల రెండు యంత్రములను అమెరికావారు ఆకాశమునకు పంపిరి. ఒక్కొక్కదానికి పండ్రెండంగుళముల వెడల్పుగల రాగి రికార్డునొకదానిని బంగారుపూత పూయించి తగిలించి, దానిని వాయించుకొనుటకు ముల్లును, వాయించు విధమును తెలుపు బొమ్మలను జతచేసి, ఎవరికంటనైన పడకపోవునా యను ఆశతో సాగనంపిరి. సెప్టెంబరులో ఎగిరినదైనను మొదటి వాయేజరను పేరు పొందిన యంత్రము ఇప్పటికి మాకు సుమారు 2500 కోట్ల కిలోమీటర్ల దూరము చేరినది. ఇంకొక 40,000 ఏండ్లకు తమ గ్లీస్ 445 చేరువనుండి, అనగా ఒకటిన్నర కాంతిసంవత్సరములకు కొంచెము పైబడిన దూరమునుండి, తొలగిపోవును. కలియుగ ప్రమాణములో అది పదియవవంతైనను కాదు గనుక తమవంటివారికి రేపోమాపో అన్నట్లే లెక్క.

ఆ రికార్డులో 55 భాషలలో పలుకరింపులున్నవి. అందు మా తెలుగు ఒకటి. తెలుగు మాటాడు జనులందరి పక్షమున తమకు శుభాకాంక్షలు తెలుపబడినవి. అప్పుడు నన్నెవరును సంప్రదింపలేదు. అయినను నా పేర ఒక మాట తమ సముఖమున దాఖలైనది గావున, దానికి అనుబంధముగా రెండవ మాటను దాఖలుచేయుటకు నాకు హక్కు కలదని న్యాయశాస్త్రమెరిగిన మిత్రులు చెప్పినారు. వారిలో ఒకరు ఫీజు కూడ పుచ్చుకొనినారు. ఇచ్చట ఒక చిన్న హెచ్చరిక. ఆ 55 భాషలలో సుమేరియను, అక్కాడియను, హిట్టైటు మొదలుగా మాటాడు నోరొక్కటియు మిగులని భాషలున్నవి కాని, కోట్లమంది నేటికిని మాటాడుచున్న తమిళమునకు చోటు లేదు. తమరు ఎప్పుడైన మదరాసు వైపు దిగుట సంభవించినచో ఈ ప్రసంగము ఎత్తకుడు.

రికార్డును కూర్చినది కార్ల్ సేగన్ అను జ్యోతిశ్శాస్త్ర పండితుని అధ్యక్షతన ఏర్పడిన చిన్న సంఘము. వారు రసహృదయులు కారని నేననను. ఉరుముల మ్రోతయు, వానచప్పుడును, కీచురాళ్ళ రొదయు, తిమింగలముల పాటయు అందు చేర్చిరి; బాకు, బేథొవెనుల వాద్యసంగీతముతోపాటు మా కేసర్‌బాయి కేర్కరుగారి భైరవిని కూడ చేర్చిరి. ఆమె మొదటి వాయేజరు ఎగిరిన పదునొకండవ నాడు కన్నుమూసినది. ఆమె గొంతు మాత్రము గురుగ్రహమును, శనిగ్రహమును దాటి పోయినది. ఇంతవరకు మాకును గర్వమే. కాని ఆ సంఘమువారు మరియొక నిర్ణయము కూడ చేసిరి: యుద్ధము, దారిద్ర్యము, నేరము, రోగము, అణుబాంబు, వీనిని సూచించు చిత్రమొక్కటియు పోరాదని. పెండ్లిచూపులకు పంపు ఫోటోలో మెల్లకన్ను తెలియకుండ పిల్లవానిని ప్రక్కకు తిప్పి కూర్చుండబెట్టి తీయించినట్లు, నూటికి మించిన చిత్రములలో మా లోకమును నిలువునా ప్రక్కకు తిప్పి తీయించిరి. తమరు అవతలి పెండ్లివారు. అసలు సంగతి చెప్పుటకు ఇరుగుపొరుగువాడొకడు ఉండవలెను గదా. ఆ పాత్ర నేను వహించుచున్నాను.

తమ కచేరీ గుమాస్తాలు ఆ చిత్రములను ముందు పరచుకొని మా జాతిని గూర్చి నివేదిక వ్రాయు దృశ్యము నాకు ఇప్పుడే కన్నులకు కట్టుచున్నది. అందొక చిత్రమున ముగ్గురు మనుష్యులు కలరు. ఒక స్త్రీ ఐస్‌క్రీమును నాకుచుండును. ఒక పురుషుడు రొట్టెముక్కను కొరుకుచుండును. వేరొక పురుషుడు నీళ్ళపాత్రను మొగమునకు దూరముగా ఎత్తిపట్టి ధారగా నోటిలో పోసికొనుచుండును. మానవుడు నాకుట, తినుట, త్రాగుట అను మూడు క్రియలను ఎట్లు నెరవేర్చునో విశదపరచుటకు ఆ చిత్రమును పనిగట్టుకొని తీయించిరి. (మూడవవాని పద్ధతిలో మా తెలుగువారికి వింత యేమియు తోచదు, ఎంగిలి చేయక ఎత్తి పోసికొన్నాడు, మంచి పెంపకమే అందుము.) కాని తమ గుమాస్తా దానిని చూచి, భూమిమీద మూడు జాతులు కలవనియు, అవి నాకు జాతి, కొరుకు జాతి, పోసికొను జాతి యనియు, ఒకరు చేయు పనిని వేరొకరు చేయుట అక్కడి శాస్త్రములలో నిషిద్ధమనియు వ్రాసినచో అతనిని మందలింపకుడు. లెక్కలో కొంత తక్కువ వేసినాడు గాని మూలసూత్రమును పట్టుకొన్నాడు. మరియొక చిత్రమున ఒక స్త్రీ పెద్ద అంగడిలో నిలిచి ద్రాక్షపండ్లు తినుచుండును. డబ్బు చెల్లించిన పిదపనా, ముందా అనునది చిత్రములో తేలదు. నేరమేదియు చూపరాదనుకొన్న సంఘమువారి కన్నుగప్పి లోపల దూరినది ఏదైన ఉన్నచో అది ఇదియే.

చిత్రముల నడుమ కొన్ని పేర్ల పట్టికలు తారసపడును. అవి ఋషుల పేర్లని గాని, రికార్డును కూర్చిన కళాకారుల పేర్లని గాని భ్రమపడకుడు. ఈ పనికి ధనము మంజూరుచేయు సంస్థపై పెత్తనము గల అమెరికా శాసనసభ్యుల పేర్లవి. మాకు ఇందు ఆశ్చర్యము లేదు. పదిగజముల కల్వర్టుకైనను నలుగురి పేర్లు చెక్కిన శిలాఫలకము లేనిదే దానిక్రింద నీరు పారదని నమ్ము దేశమువారము మేము. ఆ రికార్డు తొడుగుమీద, కాలము లెక్కించుకొనుటకు పూసిన యురేనియము తునుక సగమునకు సగము తరుగుటకు సుమారు 450 కోట్ల సంవత్సరములు పట్టును. అనగా బ్రహ్మదేవుని పగలు ఒక్కటి గడచి కొంత మిగులును. కల్పాంతమున సృష్టి సమస్తము లయమైనను ఆ శాసనసభ్యుల పేర్లు మాత్రము చెక్కు చెదరక నిలుచునన్నమాట. ఏ పురాణమున ఏ మహర్షికిని ఇట్టి వరము దొరకలేదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఒక జాతి తన దోషములను ఎరుగక చేసినచో దానిని బాల్యమందురు, పెద్దలు క్షమింతురు. తమరును మమ్ములను ఆ పద్దు క్రిందనే క్షమింప నుద్యుక్తులగుదురేమో యని నాకు భయము. అట్లు చేయకుడు. పరాయివానికి చూపరానివి ఏవో ఒక పట్టిక వేసికొమ్మని మా పెద్దలను కూర్చుండబెట్టగా, ఏ ధర్మశాస్త్రమును తిరుగవేయకయే, ఒక్క పొరపాటైనను లేకుండ ఆ పట్టికను తయారుచేసిరి గదా! బాంబు మరచిపోలేదు, ఆకలి మరచిపోలేదు, యుద్ధము మరచిపోలేదు. సిగ్గుపడవలసినదేదో మాకు నూటికి నూరుపాళ్ళు తెలియును. తెలిసిన పిమ్మట మేము చేసినదెల్ల ఫోటోలు తీయువానికి సూచన లిచ్చుటయే. పైగా ఆ దాచిన వస్తువులలో మనుష్య శరీరము కూడ చేరినది. 1972లో పయొనీరను యంత్రముతో పంపిన పలకమీద దిగంబరులైన స్త్రీపురుషుల రేఖాచిత్రమును చూచి కొందరు గృహస్థులు అలుగగా, ఈ పర్యాయము అట్టి ఫోటోను పై అధికారులు త్రోసివేసి, నీడబొమ్మతో సరిపెట్టిరి. అణుబాంబు, ఒడలు, ఈ రెండును మా నాగరికతలో సమానముగా అశ్లీలములు; భేదమేమనగా ఒడలి నిమిత్తము ఏ ప్రభుత్వమును బడ్జెటు కేటాయింపదు.

తమ విచారణకు పనికివచ్చునని, రికార్డులో లేని కొన్ని సంగతులను ఇచ్చట పొందుపరచుచున్నాను. ఆ శాంతిసందేశమును మోసికొనిపోయిన రాకెట్టు పేరు టైటాన్. అది మొదట సందేశములకొరకు పుట్టినది కాదు. ఖండాంతరములకు బాంబు విసరుటకు పుట్టిన వంశము. అంతరిక్షమునకు కుశలప్రశ్నలు మోసికొని ఈ టైటాన్ ఎగిరిన నాటికి, దాని తోబుట్టువులు ఏబదికి పైగా అరిజోనా, కాన్సస్, ఆర్కన్సా సీమలలో భూగర్భమున నిలిచి, ఒక్కొక్కటి తొమ్మిది మెగాటన్నుల బాంబును నెత్తిన పెట్టుకొని, ఆజ్ఞకై ఎదురుచూచుచుండెను. ఒకే ఇంటి బిడ్డలలో ఒకడు పురోహితుడు, తక్కినవారు కిరాయి హంతకులు. పురోహితుని ఫోటో మాత్రము తమకు చేరినది.

సేగన్ పండితుని సంగతియు ఒకటి కలదు. నాకు ఆయనయందు గౌరవమే. ఆ గౌరవమే నన్నీ మాట వ్రాయించుచున్నది. 1958 ప్రాంతమున అమెరికా వైమానికదళమువారికి చంద్రునిమీద అణుబాంబు పేల్చి చూచినచో ఎట్లుండునను కుతూహలము కలిగినది. శాస్త్రప్రయోజన మేమనగా, భూమిమీదనుండి రష్యావారికి ఆ మెరపు స్పష్టముగా కనబడవలెను. లియొనార్డ్ రీఫెల్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున అందుకు గుప్తముగా లెక్కలు కట్టిరి. పేలిన తరువాత ధూళిమేఘము చంద్రునిపై ఏ తీరున విస్తరించునో లెక్కకట్టిన యువకుడు ఈ సేగనే. ప్రయత్నము మరుసటి యేడు విరమింపబడినది, చందమామ బ్రతికినాడు. చంద్రునిమీద బాంబు లెక్కలు వేసిన చేయియే రెండు దశాబ్దములలోపుగా నక్షత్రములకు శుభలేఖ వ్రాసినది. ఇది కపటమని నేననను. మాలో ఉత్తములైనవారి జీవితమున కూడ ఈ రెండు పనులు ఒకే కలముతో జరుగునని మాత్రము తమ దస్త్రములో వ్రాసికొనుడు.

1963లో మరియొకటి. సముద్రగర్భపు తీగలను శత్రువు తెంపివేసినచో వార్తలెట్లు పంపవలెనని విచారము పుట్టి, అమెరికావారు వెండ్రుకవలె సన్ననివగు రాగి సూదులను సుమారు 48 కోట్లు భూమిచుట్టును వెదజల్లిరి. ఆ సూదుల కడియమునుండి ప్రతిఫలించి రేడియో తరంగములు దూరదేశములకు పోవునని యోచన. పోయినవి కూడ. అప్పటికే ఆ పనిని అంతకంటె చక్కగా చేయు ఉపగ్రహములు వచ్చినవి గనుక సూదులు వ్యర్థమైనవి. పెక్కు రాలిపోయినను కొన్ని ముద్దలుకట్టి నేటికిని తిరుగుచున్నవి. తమ తనిఖీదారుడు వచ్చినప్పుడు కాలికి గుచ్చుకొన్నచో కోపింపవలదని మనవి. జరిమానా విధింపదలచినచో అందుకు పూర్వనిదర్శనము కలదు. స్కైలాబు అను డెబ్బదియైదు టన్నులకు పైబడిన ఆకాశగృహము 1979 జులై 11న విరిగి, కొంత హిందూమహాసముద్రమునను, కొంత పడమటి ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్సు ప్రాంతమునను పడగా, అచ్చటి స్థానిక పరిపాలకులు బహిరంగ స్థలమున చెత్త వేసిన నేరమునకు అమెరికా అంతరిక్ష సంస్థకు నాలుగువందల డాలర్ల జరిమానా చీటీ పంపిరి. ముప్పది యేండ్లు అది చెల్లలేదు. 2009లో ఒక రేడియో ప్రసారకుడు శ్రోతలవద్ద చందా వసూలుచేసి తీర్చినాడు. కావున సూదులనిమిత్తము తమరు విధించు జరిమానాకు కూడ మాకు కొంత వ్యవధియు, సులభవాయిదాలును దయచేయవలెను.

స్కైలాబు మాట వచ్చినది గనుక మావారి విశేషమునొకదానిని చెప్పకుండలేను. అది మా తలలమీదనే పడునని తెలుగు పల్లెలలో పుకారు లేచినది. పోవుట నిశ్చయమైన పిమ్మట కోడి ఎందుకు, మేక ఎందుకు అని కోసికొని తినిరనియు, దాచిన రూకలు ఖర్చుపెట్టి సుష్ఠుగా విందులు చేసికొనిరనియు ఇప్పటికిని పెద్దలు చెప్పి నవ్వుకొందురు. చదువుకొన్నవారు అప్పుడును నవ్విరి. నాకు నవ్వు రాదు. ప్రళయము తథ్యమని నమ్మిన మా పల్లెవాడు పొరుగువానిని పిలిచి కోడికూర వడ్డించినాడు; ప్రళయము సాధ్యమని లెక్కలతో ఎరిగిన మహారాజ్యములు సుమారు పండ్రెండువేల అణ్వస్త్రములను ఇప్పటికిని దాచుకొని కూర్చున్నవి. ఈ ఇరువురిలో నాగరికుడెవరో తేల్చుట తమ అధికారపరిధిలోనిది.

రికార్డులో మానవకోటి తరపున పలికిన పెద్ద అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్. శాంతిసౌహార్దములను గోరి మేము విశ్వములోనికి అడుగిడుచున్నామని ఆయన గంభీరముగా పలికినారు. తొమ్మిదేండ్లకు, 1986లో, ఆయన రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మను సేనతో బాల్కను దేశములలో పనిచేసిన సంగతి స్వీయచరిత్రలో దాచిరని బయటపడినది. మరుసటి యేడు అమెరికావారు ఆయనను తమ దేశమున అడుగుపెట్టరాదని నిషేధించిరి. ఏ దేశము ఆయన కంఠమును నక్షత్రలోకమునకు పంపెనో ఆ దేశపు రేవులోనే ఆయన దిగుటకు వీలులేకపోయినది; కంఠము మాత్రము ఏ చుంగమును, ఏ అనుమతిపత్రమును లేక పాలపుంతలో విహరించుచున్నది. తమవద్దకు వచ్చినప్పుడు తమరేమి చేయుదురో తమ చిత్తము.

ఇప్పుడు వ్రాయబోవునది హాస్యమునకు లొంగునది కాదు. మొదటి వాయేజరు ఎగిరిన రెండున్నర నెలలకు, 1977 నవంబరు 19న, కృష్ణాతీరమున దివిసీమ మీదికి సముద్రము లేచి వచ్చినది. పదివేలకు మించిన జనము, లెక్కకందని పశువులు, ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకొనిపోయినవి. వారందరును, రికార్డుపై నున్న ఆ తెలుగు మాట ఎవరి తరపున పలుకబడినదో ఆ జనములోనివారే. గ్రహములను దాటి, సూర్యుని పలుకుబడిని దాటి, 40,000 ఏండ్లకు ఎవరికో అందునట్లు ఒక వాక్యమును సురక్షితముగా చుట్టి పంపుట ఎట్లో ఆ యేడు మా లోకమునకు తెలిసియుండెను. రాత్రికి సముద్రము వచ్చుచున్నది, లేచి పొండని చెప్పి వినిపించి, చేయిపట్టి మెరకకు చేర్చుట తెలియదు. తుఫాను రక్షణభవనములు ఆ తీరమున విరివిగా లేచినది ఆ శవములను లెక్కించిన తరువాత.

నేర్పు లేక కాదని తమరు గ్రహింపవలెను. 2023 నవంబరులో మొదటి వాయేజరు అర్థము లేని అంకెలను పంపుట మొదలుపెట్టినది. ఐదునెలలు అదే వరుస. శాసనసభల చర్చలను వినుటకు అలవాటుపడిన మావంటివారికి అది ఆందోళన కలిగింపలేదు గాని, ఇంజనీర్లు ఊరుకొనలేదు. చెడినది ఒక చిన్న చిప్పు అని పసికట్టి, సందేశము పోవుటకు ఇంచుమించొక దినము, బదులు వచ్చుటకు ఇంచుమించొక దినము పట్టు దూరమునుండి, ఏబదియేండ్లనాటి యంత్రపు జ్ఞాపకమును ముక్కలుగా సర్ది, 2024 ఏప్రిలులో మరల మాట్లాడించిరి. ఇంత ఓపిక, ఇంత నైపుణ్యము, ఇంత వాత్సల్యము మా జాతిలోనే కలవు. ఇనుపముక్క ఎడల చూపిన దానిలో నాలుగవ పాలు ఇరుగుపొరుగు ఎడల ఏల చూపరని తమరు ప్రశ్నించినచో, అందుకు వేరొక శాఖవారు జవాబు చెప్పుదురని మా అధికారులు వ్రాసి పంపుదురు.

అయితే ఆ రికార్డులో సత్యము ఒక్కచోట మిగిలియున్నది. సంఘములోనివారైన ఆన్ డ్రూయన్ అను యువతి మెదడు, గుండె, కండరముల విద్యుత్స్పందనలను ఒక గంటసేపు నమోదుచేసి, దానిని ఒక్క నిమిషమునకు కుదించి అందు చేర్చిరి. వినువారికి అది టపాకాయలు పేలినట్లు చిటపటమను చప్పుడు మాత్రమే. ఆ గంటసేపు తానేమి తలపోసినదియు ఆమె తరువాత చెప్పినారు: భూమి చరిత్రను, మా నాగరికత చిక్కుకొన్న ఇక్కట్టును, ఈ లోకమును పెక్కుమందికి నరకముగా చేయుచున్న హింసాదారిద్ర్యములను, తుదకు తాను ప్రేమలో పడిన అనుభవమును. చిత్రములలో నిషిద్ధమైనదెల్ల ఆ తలలోనుండి ఎవరికిని చదువరాని లిపిలో దాటిపోయినది. సంఘమువారు అడ్డుపెట్టలేదు, అడ్డుపెట్టుటకు వారికిని అది అర్థమై యుండదు.

కావున తమ సముఖమునకు నా ప్రార్థన యిది. విచారణ జరుగునాడు ఆ చిత్రములను సాక్ష్యముగా గ్రహింపకుడు. పేర్ల పట్టికలను గ్రహింపకుడు. పెద్దమనుష్యుల కంఠములను, అందు మా తెలుగు కంఠమును కలిపి, గ్రహింపకుడు. ఆ ఒక్క నిమిషపు చప్పుడును విప్పి చదువగల గుమాస్తా తమ కచేరీలో ఉన్నచో, తీర్పు వ్రాయుటకు ముందు అతనిచేత దానిని పూర్తిగా చదివించి వినుడు. అట్టివాడు లేనిచో, దొరకువరకు వాయిదా వేయుడు.

చిత్తగింపవలెను.

ఇట్లు,
విధేయుడు,
తెలుగు మాటాడు జనములో ఒకడు